అబూ రీమా మరణవార్త: నలభై నిమిషాలు

ఒక శుక్రవారం ఉదయం పదకొండున్నరకు విన్నిపెగ్‌లోని మా పత్రిక వెబ్‌సైట్‌లో ఒక పాలస్తీనా మాజీ మంత్రి మరణవార్త వచ్చింది. పన్నెండూ పది దాకా ఉంది. రాసింది నేను. పొరపాటున బయటికి వదిలిందీ నేనే.

పదకొండూ యాభైకి నా ఫోన్ మోగింది. ఆయన కూతురు రీమా. ఏడవలేదు, అరవలేదు. బ్యాంకులో పనిచేసే మనిషి, కౌంటర్‌లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"మా నాన్న చనిపోయారని మీ సైట్‌లో ఉంది."

ఫోన్ చెవిన పెట్టుకునే సైట్ తెరిచి చూశాను. ఉంది.

"ఆయన డ్రైవ్‌వేలో మంచు తీస్తున్నారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. డాక్టర్ వద్దన్న పని చేస్తున్నారు కాబట్టి సాయంత్రానికి మీ వార్త నిజమైనా కావచ్చు. ఈలోపు తీసేయండి."

తీసేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మా ఆఫీసులో కంప్యూటర్ సిస్టమ్ మారి అప్పటికి తొమ్మిది రోజులు. దాంట్లోంచి వార్తను వెనక్కి లాగడం తెలిసిన ఒకే ఒక్క మనిషి లంచ్‌కి వెళ్ళాడు.

ఆ ఇరవై నిమిషాలూ నన్ను వణికించింది మరణవార్త కాదు. బతికున్నవాళ్ళు పోయారని వేసి, సవరణ వేసి, క్షమాపణ చెప్పుకున్న పత్రికలు ఉన్నాయి. నా భయమంతా ఆ వార్తలోని చివరి పేరా గురించి. అందులోని సంగతి ఆయన నాకు ఒక షరతు మీద చెప్పారు: తను పోయాకే అచ్చు కావాలి. అది తన జీవితకాలంలో చదవకూడని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన తమ్ముడు సలీం. పద్నాలుగేళ్ళుగా అన్నతో మాట్లాడని మనిషి.

ఫ్రీజర్

జర్నలిజంలోకి వచ్చే మన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, "ఆంటీ, మీరు ఏ బీట్ చేసేవారు?" అని అడుగుతారు. చావుల బీట్ అంటే మొదట నవ్వుతారు, తర్వాత కాస్త దూరం జరుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఎన్ని ప్రమోషన్లు వచ్చాయో, ఎవరికి రావలసినవి ఎవరికి వచ్చాయో రాయను. ఆ పురాణం ప్రతి ఆఫీసులోనూ ఒకటే.

నేను బాపట్లలో పుట్టాను. మా నాన్న పాస్టర్. విజయవాడలో ఒక తెలుగు దినపత్రికలో ఆరేళ్ళు సబ్ ఎడిటర్‌గా చేశాను. అక్కడ మా మొదటి న్యూస్ ఎడిటర్ జిల్లాల నుంచి వచ్చే మరణవార్తలు నాకు అప్పజెప్పి ఒక మాట అన్నారు: "పోయినవాడు ఫోన్ చేసి తప్పు రాశావని అనడు. అందుకే ఇంకోసారి చూడు." నాకు వృత్తిలో అందిన సలహాల్లో ఇదే ఉత్తమం. అవసరమైన రోజున దీన్నే మర్చిపోయాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

విన్నిపెగ్ వచ్చాక మూడేళ్ళు ఒక దుకాణంలో క్యాషియర్‌గా ఉండి, తర్వాత ఇక్కడి పత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేరాను. అక్కడి నుంచి మరణవార్తల డెస్క్‌కి. నా పైన ఉన్న ఎడిటర్ డగ్, బండలాంటి మనిషి, మాట తక్కువ. నా ఇంగ్లీషు గురించి ఎవరైనా ఏదైనా అంటే, "ఆమె వాక్యంలో క్రియ ఉంటుంది. నీ వాక్యంలో ఎప్పుడుంది?" అనేవాడు.

తెలుగు పత్రికల్లో లేని పద్ధతి ఒకటి నేను ఇక్కడ నేర్చుకున్నాను. పేరున్నవాళ్ళ మరణవార్త వాళ్ళు బతికుండగానే రాసి ఉంచుతారు. మనిషి పోయిన గంటలో యాభై ఏళ్ళ జీవితం రాయడం కుదరదు కనక. మా ఆఫీసులో ఆ ఫైళ్ళున్న చోటుకి ఫ్రీజర్ అని పేరు. ఆరునెలలకోసారి తీసి, వయసు మార్చి, కొత్త సంగతులు చేర్చి మళ్ళీ పెట్టాలి. నేను రిటైరయ్యేనాటికి అందులో నూట ముప్ఫై మంది ఉన్నారు. వాళ్ళలో కొందరు నాకు కిరాణా కొట్టులో ఎదురుపడేవారు. పలకరించేదాన్ని.

ఆ పద్ధతిలో నేను చేసుకున్న మార్పు ఒక్కటే. చాలామంది రిపోర్టర్లు ఆ మనిషికి తెలియకుండా రాస్తారు. నేను వెళ్ళి అడిగేదాన్ని. "మీ గురించి ఎప్పుడో ఒకప్పుడు వేయాల్సి వస్తుంది. మీరే చెబితే బాగుంటుంది" అని. మన ఊళ్ళో ఇలా అడిగితే చెప్పుచ్చుకుని కొడతారు. ఇక్కడ కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు.

అబూ రీమా

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. పాలస్తీనావాళ్ళలో పెద్ద బిడ్డ పేరు పెట్టి తల్లిదండ్రుల్ని పిలవడం మర్యాద. కొడుకుల్లేరు కాబట్టి అబూ రీమా, అంటే రీమా నాన్న. నాకు గ్రేస్ అని ఒక కూతురుందని తెలిసిన రోజు నుంచీ నన్ను ఉమ్ గ్రేస్, అంటే గ్రేస్ అమ్మ, అనేవారు. మా ఇద్దరి సంభాషణా ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన మొదట ఫార్మసిస్టు. వెస్ట్ బ్యాంక్‌లో కొండ మీద ఒక చిన్న పట్నం, మెయిన్ రోడ్డు మీద మందుల షాపు. మున్సిపల్ కౌన్సిల్‌కి నిలబడమని పొరుగువాళ్ళు అంటే నిలబడ్డారు. సైన్యం రెండుసార్లు విచారణ లేకుండా నిర్బంధించింది. రెండోసారి బయటికి వచ్చేసరికి షాపు మూతపడింది, పేరు మాత్రం జిల్లా అంతా తెలిసింది. పార్టీ సీటిచ్చింది, చట్టసభకు గెలిచారు. పదకొండు నెలలు స్థానిక సంస్థల మంత్రి. ఒకరోజు ఆరోగ్య కారణాలతో రాజీనామా అని ప్రకటించారు. ఏడాది తిరక్కుండా విన్నిపెగ్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు.

మంత్రిగా ఏం సాధించారని అడిగాను.

"పద్దెనిమిది గ్రామాలకి చెత్త లారీలు."

"అంతేనా?"

"ఉమ్ గ్రేస్, మాకు దేశం లేదు. చెత్త మాత్రం ఉంది. ఉన్న సమస్యతో మొదలుపెట్టాను."

ఇలాంటి మాటలకు రిపోర్టర్ పడిపోకూడదు. నేను పడిపోయాను. మూడు మధ్యాహ్నాలు ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. సేజ్ అనే వాసన ఆకు వేసిన టీ తాగాను. మూడో రోజు ఆయన రాజీనామా అసలు కథ చెప్పారు.

తమ్ముడు సలీం స్కూల్ టీచరు, యూనియన్ నాయకుడు. జీతాల కోసం టీచర్లు సమ్మె చేస్తే అన్న ఉన్న ప్రభుత్వమే వాళ్ళలో కొందరిని పట్టుకుపోయింది. సలీం అందులో ఒకడు. ఊళ్ళో అందరూ అన్నారట, అన్నకి తెలియకుండా తమ్ముణ్ణి ముట్టుకుంటారా అని. తనకు నిజంగానే తెలియదని అబూ రీమా చెప్పారు. వెళ్ళి అడిగితే పైవాళ్ళు ఒక బేరం పెట్టారట: చప్పుడు కాకుండా రాజీనామా చెయ్యి, ఎవరికీ చెప్పకు, నీ తమ్ముడు ఇంటికి వస్తాడు. ఆయన సంతకం పెట్టారు. సలీం వచ్చాడు. వచ్చి, అన్నే తనను పట్టించాడని నమ్మి మాటలు మానేశాడు.

"నిజం చెప్పొచ్చు కదా?"

"చెబితే తిరిగి జైలుకి పోయి కూర్చుంటాడు. వాడి సంగతి నీకు తెలీదు. బేరం మీద వచ్చిన విడుదల వాడికి విడుదల కాదు." నా కప్పులో మళ్ళీ టీ పోస్తూ అన్నారు: "నేను పోయాక వెయ్యి. అప్పుడు నా మీద అరవడానికి వాడికి వీలుండదు."

ఆ సంగతి చివరి పేరాగా రాశాను. ఫైలు ఫ్రీజర్‌లో పెట్టాను. అది ఆ శుక్రవారానికి ఐదేళ్ళ ముందు మాట.

ఆ శుక్రవారం

కొత్త సిస్టమ్ మీద రెండు గంటల ట్రైనింగ్ పెట్టారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందని చెప్పి ఎగ్గొట్టాను. అపాయింట్‌మెంట్ లేదు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న నాకు ఎవరో వచ్చి బటన్లు చూపించడమేమిటని, అంతే.

పాత సిస్టమ్‌లో ఫైలును సవరించిన రోజు తేదీ పైన వేసేవాళ్ళం, గుర్తుకోసం. కొత్తదాంట్లో అదే చోట తేదీ వేస్తే, ఆ రోజు అచ్చు వేయమని అర్థం. అబూ రీమాకి డెబ్బై ఎనిమిదో ఏడు వచ్చిందని వయసు మార్చి, అలవాటుకొద్దీ ఆ రోజు తేదీ వేసి, సేవ్ నొక్కి, టీ తెచ్చుకోవడానికి లేచాను.

వార్త తీసేశాక డగ్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"సవరణ నువ్వే రాయి. మూడు వాక్యాలు. సిస్టమ్ తప్పు అని రాయకు."

"రాయను."

"తర్వాత ఇంటికెళ్ళి ఆయన్ని చూసిరా. ఫోన్ కాదు. మనిషివే వెళ్ళు."

ఇంతే అన్నాడు. బాస్ ఎలా ఉండాలని నన్నెవరైనా అడిగితే ఈ రెండు మాటలే చెబుతాను. పై అధికారులకి తనే ఏం చెప్పుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

మా ఆయన ప్రభాకర్‌కి ఫోన్ చేస్తే, "నువ్వు ట్రైనింగ్ స్కిప్ చేశావని వాళ్ళకి చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను."

"మరింకేం. బయల్దేరు. రోడ్లు స్లిప్పరీగా ఉన్నాయి, స్లోగా డ్రైవ్ చెయ్యి. ఇవాళ్టికి ఒక్కళ్ళు చాలు."

మిల్టన్‌లో ఉండే మా గ్రేస్ అప్పటికే ఎక్కడో చూసి మెసేజ్ పెట్టింది: "అమ్మా, డిడ్ యూ కిల్ సమ్‌వన్?"

రీమా ఇంటి ముందు నాలుగు కార్లున్నాయి. నిజంగానే పోయారనుకున్నాను. ముగ్గురు ఆడవాళ్ళు పెద్ద పెద్ద ట్రేలతో గుమ్మం దగ్గర ఉన్నారు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెస్తారు, వాళ్ళలోనూ అంతే. ఇక్కడి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వార్త తిరిగి, గంటలో అన్నం, మాంసం వచ్చేశాయి. బతికే ఉన్నాడని తెలిశాక తెచ్చినవి వెనక్కి పట్టుకెళ్ళడం బాగుండదని అక్కడే పెట్టేస్తున్నారు.

అబూ రీమా సోఫాలో కూర్చుని తింటున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు.

"రా, ఉమ్ గ్రేస్. నా చావు భోజనం. బాగుంది. ఉప్పు కొంచెం తక్కువ."

నేను క్షమించమని అడగబోయాను. ఆయన పక్కనున్న ప్లేటు ఒకటి నా చేతికిచ్చారు. ఆ చివరి పేరా గురించి మాత్రం అడగగలిగాను.

"చదివాడు," అన్నారు. "వాడి కొడుకు ఫోన్‌లో చూపించాడట. నలభై నిమిషాలు చాలు, ఇప్పుడు అందరూ ఫొటో తీసి పెట్టుకుంటారు కదా."

జరిగింది ఇది. రీమా నాతో ఫోన్‌లో ఉన్నప్పుడే ఇంటి ల్యాండ్‌లైన్ మోగింది. అబూ రీమా మంచు బూట్లతోనే లోపలికి వచ్చి ఎత్తారు. అవతల ఎవరో మగమనిషి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అన్నయ్య ఎలా పోయాడు, బాధపడ్డాడా అని అడుగుతున్నాడు. పద్నాలుగేళ్ళ తర్వాత విన్నా ఆ గొంతు ఆయన గుర్తుపట్టారు.

"ఏం బాధపడలేదు," అన్నారట ఆయన. "నడుం మాత్రం పట్టేసింది."

అవతల ఏడుపు ఆగింది. తర్వాత సలీం అన్న మొదటి మాట: "నీకు చావడం కూడా సరిగ్గా చేతకాదు."

గంటా పది నిమిషాలు తిట్టాడట. "మధ్యలో మా అమ్మ సంగతులు కూడా వచ్చాయి," అన్నారు అబూ రీమా. "నా మీద అరవలేడనుకున్నాను. అరిచాడు. హాయిగా ఉంది."

అప్పుడు ఆయనకు మావైపు ఆచారం ఒకటి చెప్పాను. మనిషి నెత్తిన కాకి తన్నితే కీడని, ఆ కీడు పోవడానికి ఆ మనిషి చనిపోయాడని దూరపు బంధువులకి ఉత్తుత్తి కబురు పంపేవారు. వాళ్ళు నిజమనుకుని ఏడుస్తారు. ఏడిస్తే దోషం పోతుంది, ఆయుష్షు పెరుగుతుంది. తర్వాత నిజం చెబితే వాళ్ళు వచ్చి తిడతారు. పాస్టర్ భార్య అయిన మా అమ్మ ఇవన్నీ నమ్మనని చెబుతూనే, మా పిన్ని నెత్తిన కాకి తన్నినప్పుడు ఒంగోలుకి కార్డు రాసి పడేసింది.

ఆయన తినడం ఆపి విన్నారు. "ఆ కాకి నువ్వే," అన్నారు.

రీమా వంటింట్లోంచి, "నాన్నా, మళ్ళీ ఆ పార ముట్టుకుంటే నేను నిజంగానే వార్త వేయిస్తాను. ఈవిడ నంబర్ నా దగ్గరుంది," అంది.

ఇంటికి వస్తూ దారిలో కారు పక్కకు ఆపి ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఉద్యోగం పోతుందని కాదు, పోలేదని కాదు. ఒక మనిషి ఇంకో మనిషికి దాచమని ఇచ్చినదాన్ని నేను పారేసుకుంటే, అది దొరకాల్సినవాడికే దొరికింది. నా తెలివి అందులో ఏమీ లేదు. అయినా అంత తేలిక నాకు ఆ ముందుగానీ, తర్వాతగానీ ఎప్పుడూ అనిపించలేదు.

అసలు తప్పు

ఈ కథ చెప్పినప్పుడు కొత్తవాళ్ళు తేదీ దగ్గరే ఆగిపోతారు. బటన్ చూసి నొక్కాలి అని నేర్చుకుని వెళ్తారు. అది మంచిదే. కానీ అసలు తప్పు అది కాదు. దాన్ని నాకు చూపించినవాడు సలీం.

ఆ తర్వాతి వారం ఆయనే నాకు ఫోన్ చేశాడు. టీచర్ ఇంగ్లీషు, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడిగా.

"నా అన్న నన్ను విడిపించాడని రాశారు. ఎవరు చెప్పారు?"

"మీ అన్నగారు."

"ఇంకా ఎవరు?"

"ఇంకెవరూ లేరు."

"మేడమ్, నా కోసం లాయర్ పిటిషన్ వేశాడు. నా తోటి టీచర్లు పదకొండు రోజులు కోర్టు ముందు ఎండలో కూర్చున్నారు. వాళ్ళలో ఒకామెకు ఏడో నెల. నన్ను విడిపించింది వాళ్ళు. మా అన్న అబద్ధం చెప్పడు, అది నాకు ఇప్పుడు తెలుసు. ఆయన సంతకం పెట్టే ఉంటాడు. కానీ ఆ సంతకం వల్లే నేను బయటికొచ్చానని ఆయన అనుకోవచ్చు. మీరు అనుకోకూడదు."

నిజమే. ఐదేళ్ళు ఆ పేరా ఫ్రీజర్‌లో ఉంది. ప్రతి ఆరునెలలకీ తీసి వయసు మార్చాను. ఆ వాక్యం ఎవరి మాట మీద నిలబడిందని ఒక్కసారీ అడుక్కోలేదు. చెప్పింది మంచి మనిషి. పైగా అచ్చయ్యేనాటికి ఆయన ఉండరు, చనిపోయిన మనిషి ఆఖరి మాటని ఎవరు కాదంటారు అన్న ధైర్యం. విజయవాడలో మా న్యూస్ ఎడిటర్ చెప్పింది దీని గురించే. ఆ పదకొండు రోజులూ ఎండలో కూర్చున్నవాళ్ళు నా వార్తలో లేనే లేరు. తేదీ తప్పు వేయకపోయి ఉంటే, అది అలాగే అచ్చయ్యేది. అడగడానికి అన్న ఉండేవాడు కాదు. సలీం మాట ఎవరూ వినేవారు కాదు.

కాబట్టి నేను చెప్పేది ఇది. మీకు నచ్చిన మనిషి చెప్పిన సంగతిని, నచ్చని మనిషి చెప్పినదానికన్నా ఒకసారి ఎక్కువ చూడండి. త్యాగం కథ అయితే రెండుసార్లు ఎక్కువ చూడండి. అందులో రాసేవాడికి కూడా కాస్త పుణ్యం దక్కుతుంది కనక కళ్ళు మూసుకుపోతాయి.

పేరా తిరిగి రాశాను. ఇప్పుడది రెండు పేరాలు: అన్న చెప్పింది ఒకటి, తమ్ముడు చెప్పింది ఒకటి. ఇద్దరికీ పంపించాను. ఇద్దరూ ఒప్పుకున్నారు, ఎదుటివాడి పేరా మాత్రం పొడుగ్గా ఉందన్నారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు. ఎక్కువగా పోట్లాటే అని రీమా చెబుతుంది. చెప్పేటప్పుడు గొంతులో బ్యాంకు వినిపించదు.

నేను రిటైరై పదహారు నెలలైంది. అబూ రీమాకి ఎనభై. ఫైలు ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది, వేరేవాళ్ళు చూస్తున్నారు.

తన విడుదల ఉత్తర్వు నకలు సలీం దగ్గరుంది. ఫొటో తీసి పంపాడు, తేదీ స్పష్టంగా ఉంది. రాజీనామా లేఖ నకలు అబూ రీమా దగ్గర లేదు. తేదీ ఆయనకు గుర్తు లేదు. ప్రకటన వెలువడింది సంతకం పెట్టిన చాలా రోజులకట. అన్న సంతకం ముందో, తమ్ముడి విడుదల ముందో తేలాలంటే ఆ లేఖ దొరకాలి. అది ఉండాల్సిన కార్యాలయానికి పత్రిక తరఫున రెండుసార్లు, రిటైరయ్యాక నా పేరు మీద ఒకసారి రాశాను. జవాబు రాలేదు.